ఒకే తొట్టి

ఆ వార్త వచ్చేసరికి ఓక్‌హీ క్యాంటీనులో మొలకల చారులో అన్నం కలుపుకుంటోంది. గోడకున్న టీవీలో విమానం కనిపించింది. రెక్క కింద ఇంజను పొట్ట చీలిపోయి, లోపలి గొట్టాలు పేగుల్లా బయటికి వేలాడుతున్నాయి. ఎక్కడో సముద్రం అవతలి దేశంలో నేల విడిచి పైకి లేస్తుండగా పగిలిందట. ఒక ముక్క కిటికీని చీల్చుకుని లోపలికి దూసుకుపోయి ఒక స్త్రీ ప్రాణం తీసిందట. ఆమె పిల్లలకి సంగీతం చెప్పే టీచరు. ఫొటోలో పసుపు శాలువా కప్పుకుని నవ్వుతోంది.

క్యాంటీనులో చెంచాల చప్పుడు ఆగిపోయింది.

"ఎర్ర వాళ్ళది," అన్నారెవరో.

నీలం షెడ్డు వాళ్ళు కూర్చున్న బల్లల దగ్గర ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. ఆ నిట్టూర్పు తమకే వినిపించినట్టుంది, వెంటనే తల దించుకున్నారు.

ఛాంగ్వన్ ఊళ్ళోని ఆ ఫ్యాక్టరీలో విమాన కంపెనీల పేర్లు ఎవరూ పలకరు. ఎర్ర వాళ్ళు, నీలం వాళ్ళు, అంతే. లోకంలో ఎవరు పెద్ద విమానం కొనాలన్నా ఆ ఇద్దరి దగ్గరికే వెళ్ళాలి. ఒకరి మాటెత్తితే ఇంకొకరికి ఒళ్ళు మంట. అయినా ఇద్దరి విమానాల రెక్కల కిందా వేలాడేది ఒకే ఇంజను. ఆ ఇంజను గుండెలో రేకులన్నిటినీ పట్టుకుని గిర్రున తిరిగే లోహచక్రం తయారయ్యేది ఇక్కడే. ఒకే ముడిలోహం, ఒకే కొలిమి, అవే సాన యంత్రాలు. చివర్లో మాత్రం దారి చీలుతుంది. కొన్ని ఎర్ర షెడ్డుకి, కొన్ని నీలం షెడ్డుకి. మధ్యలో కప్పుదాకా గోడ. తమ సంగతులు అవతలివాళ్ళకి పొక్కకూడదని ఆ కంపెనీలే పట్టుబట్టి కట్టించాయి. అటు మనిషి ఇటు రాకూడదు, ఇటు మాట అటు పోకూడదు.

రంగు తొట్టిని మాత్రం గోడ ఏమీ చెయ్యలేకపోయింది. రెండో తొట్టి పెట్టడానికి ఫ్యాక్టరీ వాళ్ళకి మనసొప్పలేదు. గోడకి కంత పెట్టి పాత తొట్టిని అందులోనే ఉంచేశారు. ఇటు నీలం వైపు నుంచి ఓక్‌హీ, అటు ఎర్ర వైపు నుంచి గిల్‌సు తమ తమ చక్రాల్ని గొలుసుతో దాంట్లోకే దించేవాళ్ళు. అందులో ఉండేది పచ్చటి నూనె. లోహంలో కంటికానని పగులుంటే నూనె దాంట్లోకి ఇంకుతుంది. తర్వాత చక్రాన్ని కడిగి, ఆరబెట్టి, తెల్లపొడి చల్లి, చీకటిగదిలో ఊదారంగు దీపం కింద పెడితే ఆ పగులు వెలుగుతుంది. వెలగకపోతే మంచి చక్రం. అప్పుడు చక్రం అంచున తన ముద్ర కొట్టాలి. గిల్‌సుకొక ముద్ర, ఓక్‌హీకొక ముద్ర.

వారం తిరిగాక ఒక మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఇద్దరు మనుషులు ఎర్ర షెడ్డులోకి రావడం ఓక్‌హీ కంతలోంచి చూసింది. గిల్‌సు చేతి తొడుగులు విప్పి, ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచులు సమంగా సర్దాడు. ఏళ్ళ తరబడి ఆ కంతలోంచే ఆమె అతన్ని చూస్తోంది. ముఖం కన్నా చేతులే బాగా తెలుసు. ఆ చేతులు అంత నెమ్మదిగా కదలడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఏమైంది అన్నా?"

"పగిలినదాని మీద నా ముద్ర ఉందట," అన్నాడు గిల్‌సు. "తొట్టి మూత వేసెయ్, ఓక్‌హీ. దుమ్ము పడుతుంది."

మర్నాడు ఎర్ర షెడ్డులో దీపాలు వెలగలేదు. ఎర్ర విమానాలన్నిటినీ ఎక్కడివక్కడ దించేశారని టీవీ చెప్పింది. వాళ్ళ విమానం నమూనాలోనే లోపముందని ఎవరెవరో వచ్చి కూర్చుని వాదించారు. నీలం వాళ్ళకి మాత్రం కొత్త బేరాలు వచ్చిపడుతున్నాయట. నీలం షెడ్డుకి ఓవర్‌టైము ప్రకటించారు.

మేనేజరు హ్వాంగ్ ఓక్‌హీని తన గదికి పిలిపించాడు. ఆమె లోపలికి వెళ్ళేసరికి పండు చెక్కు తీస్తున్నాడు. తొక్క ఎక్కడా తెగకుండా తియ్యాలని చూస్తున్నాడు గాని మాటిమాటికీ తెగిపోతోంది.

"కూర్చోండి, ఓక్‌హీ గారూ. మా ఊరి పండు, తీసుకోండి. ఎల్లుండి విచారణ వాళ్ళు వస్తున్నారు. మిమ్మల్ని కూడా పిలుస్తారు."

"నన్నెందుకండీ? నేను నీలం వైపు కదా."

"అందుకే. రెండు వైపులా పని ఎలా జరుగుతుందో అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పండి. నియమం ప్రకారమే నానబెడతామని చెప్పండి. గిల్‌సు గారి కళ్ళు ఈ మధ్య కాస్త మందగించాయని మీకూ తెలుసు కదా..."

"ఆయన కళ్ళకేం? ఆ చీకట్లో నాకన్నా ముందు ఆయనకే కనిపిస్తుంది."

హ్వాంగ్ కత్తి కింద పెట్టాడు.

"మనిషన్నాక వయసు వస్తుంది కదండీ. అందులో తప్పేముంది?"

ఓక్‌హీ పండు ముక్కని చేతిలోనే పట్టుకుని కూర్చుంది. జులైలో ఆర్డర్లు ముంచుకొచ్చి పడ్డ రోజులు గుర్తొచ్చాయి. ఈ హ్వాంగే తొట్టి దగ్గర నిలబడి, చేతిగడియారం చూసుకుని, "సగంసేపు చాలు, తీసెయ్యండి. ఇది కొత్తరకం నూనె, త్వరగా ఇంకుతుంది," అన్నాడు. కంతకి అటు గిల్‌సు, ఇటు తను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందుగా గొలుసు లాగింది తనే.

"జులైలో మీరు చెప్పిన మాటో?" అంది.

"నేనేం చెప్పాను?" అన్నాడు హ్వాంగ్. కోపంగా కాదు, అలిసిపోయిన గొంతుతో. "చూడండి, ఎర్ర షెడ్డు ఎలాగూ పోయింది. నూనె సంగతి బయటపడితే నీలం కూడా ఆగుతుంది. నీలం ఆగితే మనకింక మిగిలేదేంటి? నా మీదా పైవాళ్ళున్నారండీ. ఈ పని నేనేదో సరదాపడి చేస్తున్నానా?"

ఆమె పండు ముక్కని పళ్ళెంలో తిరిగి పెట్టేసి లేచింది.

ఆ సాయంత్రం గిల్‌సు ఇంట్లో శీతాకాలానికి క్యాబేజీల కిమ్చి పచ్చడి పెట్టుకునే పని. ఓక్‌హీ వాళ్ళది కింది అంతస్తే. భర్త ఓడ మీద పనిచేస్తాడు కాబట్టి ఏటా ఆమె తన క్యాబేజీలు కూడా వాళ్ళింటికే మోసుకొస్తుంది. ఈసారి వెళ్ళాలా వద్దా అని మెట్ల దగ్గర కాసేపు తటపటాయించింది. గిల్‌సు భార్య మల్‌సున్ తలుపు తీసి, "ఏంటక్కడ విగ్రహంలా? రా, ఉప్పులో ఆకు ఊరిపోతోంది," అంది.

హాలంతా ప్లాస్టిక్ పట్టా పరిచారు. మల్‌సున్ మోచేతిదాకా రబ్బరు తొడుగులేసుకుని ముల్లంగి తురుములో కారం, రొయ్యల ఉప్పునీళ్ళు కలుపుతోంది. కూతురు బోరా క్యాబేజీల నీళ్ళు పిండుతోంది. బోరా పనిచేసేది నీలం షెడ్డు ప్యాకింగులో. గిల్‌సు ఒక మూల కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు.

"చూశావా మీ అన్నని?" అంది మల్‌సున్. "ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క వెల్లుల్లి రెబ్బ ముట్టుకోలేదు. ఉద్యోగం పోయాకే చేతులొచ్చాయి."

"ఒలిచినందుకూ తిట్టేనా?" అన్నాడు గిల్‌సు.

"తిట్టేది సగం తొక్క దాంట్లోనే వదిలేస్తున్నందుకు."

బోరా నవ్వింది. ఓక్‌హీ కూడా నవ్వబోయి ఆగిపోయింది. చాలాసేపు ఆకు విప్పడం, కారం పూయడం, మడిచి డబ్బాలో పెట్టడంతోనే గడిచింది. మల్‌సున్ ఉడుకుతున్న మాంసం చూడ్డానికి వంటింట్లోకి వెళ్ళగానే ఓక్‌హీ గొంతు తగ్గించింది.

"అన్నా, ఎల్లుండి నేను చెప్పేస్తాను. నూనె సంగతి."

గిల్‌సు తల ఎత్తలేదు. "చెప్పకు."

"నీ ఒక్కడి మీదకే తోసేస్తున్నారు."

"తోయడమెందుకు, నేనే ఒప్పేసుకున్నాను. నా కళ్ళు బాగాలేవని, కనిపించకపోయినా ముద్ర కొట్టేశానని."

ఓక్‌హీ చేతిలో క్యాబేజీ అలాగే ఉండిపోయింది.

"నీకేమన్నా పిచ్చా? జైల్లో పెడతారు!"

"పెడితే పెట్టనీ. నేనెలాగూ ఇంకెన్నాళ్ళు చేస్తాను? నీలం ఆగితే బోరా బతుకేంటి? నీ బతుకేంటి? ఒక్కడితో పోయేదానికి ఊరంతటినీ ఎందుకు లాగడం?"

"నీ వైపు ఎలా నానబెట్టారో నా వైపూ అలాగే నానబెట్టాం. పగిలింది ఎర్రది కావడం నీ ఖర్మ. నాదీ పగిలుండేది."

"ఆ మాట చచ్చిపోయినావిడకి చెప్పు," అన్నాడు గిల్‌సు. గొంతు పెంచలేదు. "ఖర్మ నీది గాని మా తప్పు కాదమ్మా అని చెప్పు. ఆవిడ ఎక్కిన విమానంలో ఉన్నది నా ముద్ర, ఓక్‌హీ. కళ్ళు మూసుకుంటే ఆ పసుపు శాలువానే కనిపిస్తోంది. ఎవరో ఒకరు శిక్ష అనుభవించకపోతే నాకు నిద్ర పట్టదు."

"మరి నీలం విమానాలు ఎక్కేవాళ్ళో?"

గిల్‌సు ఒలిచిన రెబ్బని మళ్ళీ ఒలుస్తున్నట్టు గోటితో గీకుతూ ఉండిపోయాడు. మల్‌సున్ పొగలు కక్కే పళ్ళెంతో వచ్చింది. లేత ఆకులో మాంసం ముక్క చుట్టి ఓక్‌హీ నోటికి అందించింది.

"తిను. ముఖం చూడు, ఎలా పీక్కుపోయిందో. ఈయన కోసం నువ్వు కూడా చిక్కిపోతావా ఏంటి?"

ఓక్‌హీ నమిలింది. రుచి తెలియలేదు. బోరా వంచిన తల ఎత్తకుండా క్యాబేజీని ఇంకా పిండుతూనే ఉంది. దాంట్లో నీళ్ళెప్పుడో అయిపోయాయి.

మర్నాడు భోజనాల వేళ ఓక్‌హీ ప్యాకింగు గదికి వెళ్ళింది. సరుకు ఓడ ఆలస్యమై, జులై తర్వాత తయారైన నీలం చక్రాలు కొన్ని పెట్టెల్లోనే ఉండిపోయాయి. ఎలా అడగాలో తోచక గుమ్మంలో నిలబడింది. బోరా సుత్తి, పలుగు పట్టుకుని తనే ఎదురొచ్చింది.

"ఎన్ని కావాలి అత్తా?"

"నీకెలా తెలుసు?"

"నిన్న మీరిద్దరూ గుసగుసలాడుతుంటే నాకేమన్నా చెవులు లేవా?" బోరా పెట్టె మూత కింద పలుగు దూర్చింది. "నా కోసమే అంటాడు నాన్న. నన్నెవరైనా అడిగారా? జన్మంతా నాన్న జైలు కూడు నేను తింటున్నట్టు ఉండదా నాకు?"

"ఇందులో ఏమైనా దొరికితే నీ ఉద్యోగం..."

"అత్తా, మూత పట్టుకో. చెయ్యి నలుగుతుంది."

ట్రాలీ మీద కొన్ని చక్రాలు తెచ్చి, శుభ్రంగా కడిగి, తొట్టిలోకి దించారు. ఓక్‌హీ గొలుసు లాగలేదు. నియమం ఎంతసేపంటే అంతసేపూ నూనెలో వదిలేసింది. అవతలి ఎర్ర షెడ్డు చీకటిగా, చలిగా ఉంది. అక్కడినుంచి ఏ చప్పుడూ లేదు. కడిగి, ఆరబెట్టి, పొడి చల్లి, ఒక్కొక్కదాన్నే చీకటిగదిలోకి తీసుకెళ్ళారు. చీకటికి కళ్ళు అలవాటు పడేదాకా ఇద్దరూ భుజం భుజం ఆనించి నిలబడ్డారు. ఓక్‌హీ ఊదా దీపం వేసింది.

మొదటిది శుభ్రంగా ఉంది. తర్వాతివి కూడా. ఓక్‌హీకి గుండె కాస్త తేలికపడింది. ఏమీ లేకపోతే చెప్పాల్సిన పనీ ఉండదన్న ఆశ ఒకటి లోపల కదిలింది. దాన్ని గమనించి తనకే సిగ్గేసింది. ఆ తర్వాత తెచ్చిన చక్రాన్ని మెల్లగా తిప్పుతుంటే, బోల్టు కన్నం పక్కన సన్నటి పచ్చటి గీత వెలిగింది. తల వెంట్రుకంత గీత, ఒక కొస కాస్త వంకర.

"ఎంత అందంగా ఉందో!" అంది బోరా. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఓక్‌హీ చక్రం అంచుని వేలితో తడిమింది. చూడక్కర్లేదు. వేలికి తన ముద్ర తగిలింది. ఆ చీకట్లోనే స్టూలు వెతుక్కుని కూర్చుండిపోయింది. ఓడ సమయానికి వచ్చుంటే ఈ పాటికి అది ఏదో విమానంలో తిరుగుతుండేది. వెళ్ళిపోయినవాటిలో ఇలాంటివి ఎన్నున్నాయో, ఏ ఆకాశంలో ఉన్నాయో. గిల్‌సుకి కనిపించే మనిషికి ఒక ముఖముంది. తనకి ముఖం లేని మనుషులు వరుసలు వరుసలుగా కిటికీల పక్కన కూర్చుని కనిపించారు.

"అత్తా, లే," అంది బోరా, ఆమె భుజం పట్టుకుని. "దీన్ని మళ్ళీ పెట్టెలో పెట్టడం నా వల్ల కాదు."

విచారణకి వచ్చింది బూడిదరంగు కోటు వేసుకున్న ఒక పొడుగాటి విదేశీయుడు. అతని మాటలు తర్జుమా చేసి చెప్పడానికి పుసాన్ నుంచి ఒక యువతి వచ్చింది. బల్లకి ఒక వైపు వాళ్ళిద్దరూ, రెండో వైపు హ్వాంగ్, ఫ్యాక్టరీ వకీలు. కిటికీ బయట సన్నగా జల్లు పడుతోంది. ఓక్‌హీని కూర్చోబెట్టి పేరు, పని అడిగారు. తర్వాత ఆ యువతి అంది:

"నూనెలో నానబెట్టే సమయం ఎప్పుడైనా తగ్గించారా అని అడుగుతున్నారండీ."

హ్వాంగ్ నీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

"తగ్గించాం," అంది ఓక్‌హీ. "జులై నుంచి సగానికి. మేనేజరు గారు చెప్పారు, మేం చేశాం. గిల్‌సు గారొక్కరే కాదు, నేను కూడా. ముందు గొలుసు లాగింది నేనే."

యువతి ఆ మాటల్ని అటు చెప్పకుండా ఒక్క క్షణం ఆమెనే చూసింది.

"ఓక్‌హీ గారు బాగా కలత చెందారు," అన్నాడు వకీలు. "పక్కవాడి కష్టం చూడలేక..."

"నాతో రండి," అంది ఓక్‌హీ లేచి.

చీకటిగదిలో అందరూ ఇరుగ్గా నిలబడ్డారు. కళ్ళు అలవాటుపడే వరకూ ఆగాలని ఆమె చెప్పింది. ఆ కాసేపూ ఎవరి ముఖం ఎవరికీ కనబడలేదు. ఎవరిదో ఊపిరి మాత్రం బరువుగా వినిపించింది. దీపం వేసి చక్రాన్ని తిప్పింది. గీత వెలిగింది.

విదేశీయుడు చాలాసేపు వంగి చూశాడు. రెండే మాటలు అడిగాడు.

"ఏ షెడ్డుదని అడుగుతున్నారు."

"నీలం."

"ముద్ర ఎవరిదని..."

"నాది."

చీకట్లో హ్వాంగ్ గొంతు వినిపించింది, మేనేజరు గొంతులా లేదు. "ఎంత పని చేశావమ్మా," అన్నాడు.

రెండు రోజుల్లో నీలం విమానాల్ని కూడా దించేశారు. ప్రపంచమంతా వెతికితే పగిలిన చక్రాలు ఇంకొన్ని దొరికాయి, కొన్ని ఎర్రవి, కొన్ని నీలానివి. ఒకరి గాలి ఒకరికి సోకకుండా గోడలు కట్టించుకున్న ఆ రెండు కంపెనీల పెద్దలూ మొట్టమొదటిసారి ఒకే వేదిక మీద పక్కపక్కన కూర్చుని, తప్పు తమ ఇద్దరిదీ కాదనీ, ఛాంగ్వన్‌లో ముద్రలు కొట్టినవాళ్ళదనీ ఒకే మాటగా చెప్పారు. హ్వాంగ్ తను ఏమీ అనలేదన్నాడు. అతను అన్నట్టు ఎక్కడా రుజువు లేదు.

ఫ్యాక్టరీ గేటు మూతపడింది. బజారులో చేపలమ్మే ఆవిడ ఓక్‌హీని చూసి, చేపని తూచకుండానే పక్కకి తిరిగి కత్తి నూరుకోసాగింది. మెట్ల మీద ఎదురైతే మల్‌సున్ గోడవైపు జరిగి దారి ఇచ్చేది. మాట్లాడేది కాదు. బోరా మాసాన్‌లో ఒక కొట్టులో పనికి కుదిరింది. అప్పుడప్పుడూ ఫోను చేసి, "తిన్నావా అత్తా?" అని మాత్రం అడిగేది. పై అంతస్తులోనే ఉన్నా గిల్‌సు నుంచి పలకరింపే లేదు. ఆయన్ని కాపాడిందో, ముంచిందో ఓక్‌హీకే తేలలేదు. ఆయన చెయ్యాలనుకున్న ఒక్క పనినీ తను చెడగొట్టిందన్నది మాత్రం తెలుసు.

డిసెంబరులో ఇద్దరికీ ప్రాసిక్యూటరు ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. బస్సు స్టాపులో గిల్‌సు అప్పటికే నిలబడి ఉన్నాడు. ఆమెని చూసి తల తిప్పుకున్నాడు. బస్సులో అతను ముందు కూర్చున్నాడు, ఆమె వెనక. మెడ దగ్గర అతని జుట్టు బాగా పెరిగిపోయి కాలరు మీద పడుతోంది. మల్‌సున్ కత్తిరించడం మానేసిందేమో.

ఆఫీసు వరండాలో బల్లకి ఆ చివర అతను, ఈ చివర ఆమె. ఎంతసేపు కూర్చున్నారో, మధ్యలో ఎవరూ వచ్చి కూర్చోలేదు. చివరికి ఒక కుర్ర గుమాస్తా తలుపు తీసి, చేతిలో కాగితాలు చూసుకుంటూ అన్నాడు.

"మీరిద్దరూ వేరువేరు షెడ్లు కదా? ఒకరి తర్వాత ఒకరు రావాలి. ఎర్ర షెడ్డు మొదట."

గిల్‌సు మోకాళ్ళ మీద చేతులాన్చి లేచాడు. రెండడుగులు వేశాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి చూడకుండానే, ఇన్ని వారాల తర్వాత మొదటిసారి గొంతు విప్పాడు.

"షెడ్లు వేరేలే బాబూ. పని ఒకటే. చేసింది ఇద్దరం." తర్వాత ఈసారి ఆమె వైపు తిరిగాడు. "ఏంటి కూర్చున్నావ్, ఓక్‌హీ? రా."